శనివారం వచ్చిన బ్రేకు డిస్కులు

మా కారు వెనక తలుపు మీద ఎర్రటి అక్షరాలతో ‘స్పోర్ట్’ అని రాసి ఉంటుంది. ఆ మాట కారుకే చెందుతుంది, నాకు కాదు. హిందూపురంలో ఆఫీసుల వీధిలో నాకొక జిరాక్సు అంగడి ఉంది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా యంత్రం పక్కన నిలబడి ఉండటమే నా పని. నా చుట్టుపక్కల అన్నిటికంటే వేగంగా కదిలేది ఆ యంత్రంలో కాగితమే.

అయినా కారు కొనాల్సి వచ్చినప్పుడు రేసు పోకడలున్న ఈ చిన్న కారునే పట్టుబట్టి ఎంచుకున్నాను. బెంగళూరులో ఒక కుర్రాడు వాడి వదిలేసిన బండి. నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. మా వీధి మొదట్లో ఉన్న స్పీడు బ్రేకరు దాటేటప్పుడల్లా దాని పొట్ట గీసుకుంటుంది, ఆ చప్పుడుకు మా ఇంట్లో నా కోసం టీ పెడతారు. నిజానికి కారు అవసరం నా భార్యది. ఆమె రవికెల మీద మగ్గం వర్కు చేస్తుంది. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడివాళ్లు గుడ్డ ఇస్తే, ఇంట్లో కుట్టి, ప్రతి మంగళవారం తీసుకుపోయి ఇచ్చి కొత్త పని తెచ్చుకుంటుంది. మెత్తగా పోయే బండి ఏదైనా చాలునని ఆమె అన్నది. నేను అప్పటికే గ్రంథాలయంలో మోటారు పత్రికలు చదువుతున్నాను కాబట్టి ఆ మాట నాకు ఎక్కలేదు.

నా చదువు గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చెప్పుకోకుండా నేను ఉండలేను కూడా. పదో తరగతి తర్వాత నేను చదివినదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే. గ్రహణాల దగ్గర్నుంచి పట్టుపురుగుల పెంపకం దాకా అక్కడి అలమరాల్లో నేను తెరవని పుస్తకం లేదు. తెలుసుకున్నది దాచుకోను. జిరాక్సుకు వచ్చినవాళ్లకు కాగితం బయటికి వచ్చేలోగా ఏదో ఒకటి వినిపిస్తాను. అందుకే కొందరు రెండు వీధులు దాటి వేరే అంగడికి పోతున్నారని నా భార్య అంటుంది. వాళ్లు చవక కోసం పోతున్నారని నేనంటాను.

మా వీధి ఆడవాళ్లలో కారు నడపడం మొదట నేర్చుకున్నది ఆమే. కాలేజీ గ్రౌండులో గుండ్రంగా తిప్పి తిప్పి నేర్చుకుంది. మొదట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ధర్మవరం పోయేది, తర్వాత ఒక్కతే పోయి వచ్చేది. మంగళవారం సాయంత్రం ఆమె బండి దిగి తాళం చేతిలో ఆడిస్తూ ఇంట్లోకి వచ్చే తీరు చూస్తే, ఆ పూట ఆమెతో ఏ విషయంలోనూ వాదించకూడదని నాకు తెలిసేది.

ఒక మంగళవారం ఆమె అట్లా రాలేదు. పెనుకొండ దాటినాక దిగుడులో బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో వణికిపోతోందని చెప్పింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అట్లాంటి ప్రశ్న కోసమే గదా నేను ఇన్నేళ్లు చదివింది. గ్రంథాలయంలో మోటారు వాహనాల మీద అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. అందులో బ్రేకుల అధ్యాయంలో బొమ్మలున్న పుటలన్నీ ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. బొమ్మల్లేకుండా బ్రేకును అర్థం చేసుకున్నవాణ్ణి నేను. చక్రంతో పాటు గుండ్రటి ఇనుప పళ్లెం ఒకటి తిరుగుతుందనీ, దాన్నే డిస్కు అంటారనీ, బ్రేకు తొక్కితే రెండు వైపుల నుంచి ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయనీ, దిగుడులో ఎక్కువసేపు బ్రేకు మీద కాలు ఉంచితే ఆ పళ్లెం వేడెక్కి చెడిపోతుందనీ, చెడిన పళ్లెమే చక్రాన్ని వణికిస్తుందనీ వివరించాను. ఆమె చివరిదాకా విన్నది. తాళాన్ని మేకుకు తగిలించింది. తర్వాతి మంగళవారం రవికెల మూట ఒళ్లో పెట్టుకుని బస్సులో పోయింది.

“ఇంక బస్సే మేలు,” అన్నది.

నాకు భయం పట్టుకుంది. నా భార్య సంగతి నాకు తెలుసు. పెళ్లైన కొత్తలో సైకిలు నేర్చుకుంటూ ఒకసారి పడింది. దెబ్బ కూడా తగల్లేదు. మళ్లీ సైకిలును తాకలేదు. ఇప్పుడు కారు కూడా అట్లే అయిపోతుందని నాకు తోచింది. వణుకు పోతే తప్ప ఆమె మళ్లీ స్టీరింగు పట్టదు. కాబట్టి డిస్కులు మార్చాలి. ఏ డిస్కులు అన్నదే నా ముందున్న ప్రశ్న. అట్లాంటి ప్రశ్న దొరికితే నేను అన్నం మానేసే మనిషిని.

ముందు కొలతలు. ఇదే కారులో రెండు మూడు రకాలున్నాయి, ఒక్కోదానికి ముందు డిస్కు సైజు వేరు. చక్రం విప్పి, నా భార్య కుట్టుపని టేపుతో అడ్డం కొలిచాను, మందం కొలిచాను. టేపుకు అంటిన గ్రీసు తెల్ల పట్టు మీదికి పాకినప్పుడు గాని నేను కొలిచిన సంగతి ఇంట్లో బయటపడలేదు. అన్నీ సిద్ధం చేసుకుని స్పేరుపార్టుల అంగడికి పోతే, ఆ అంగడాయన నా కొలతలు చూడనే లేదు. చాసిస్ నంబరు ఉంటే చాలన్నాడు.

తర్వాత రకాలు. సాదా డిస్కులుంటాయి, నున్నగా. రంధ్రాలు చేసినవి ఉంటాయి. గీతలు చెక్కినవి ఉంటాయి. వీటి మీద నేను చదివినంత మా అంగడి వీధిలో ఎవరూ చదివి ఉండరని ధైర్యంగా చెప్పగలను. వేరే ఎవరికీ చదవాల్సిన పని పడలేదన్నది వేరే సంగతి. రంధ్రాలున్నవి వేడిని త్వరగా వదిలేస్తాయి గాని, మన దుమ్ముకు అవి పూడుకుపోతాయి, పైగా రంధ్రం దగ్గర బీటలు వచ్చే అవకాశం ఉంది. గీతలున్నవైతే తిరిగేటప్పుడు దుమ్మునూ నీళ్లనూ బయటికి నెట్టేస్తాయి. ఎండాకాలం పెనుకొండ రోడ్డు మీద లేచే దుమ్ము తలుచుకుంటే గీతలున్నవే శాస్త్రీయమైన ఎంపిక. చక్రం ఊచల సందుల్లోంచి ఆ గీతలు తళతళమని కనబడతాయన్నది నేను ఎవరికీ చెప్పని కారణం.

అంగడాయనకు మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది.

“ఏమబ్బా, పెనుకొండకు బోతావా, రేసుకు బోతావా?” అన్నాడు.

“నేను కాదు. మా ఇంట్లో ఆమె ధర్మవరం పోతాది.”

“అయితే ఆయమ్మను రేసుకు పంపిస్తాండావా?”

సాదావి తన దగ్గరే ఉన్నాయనీ, ఆ సాయంత్రానికే బిగించుకోవచ్చనీ, గీతలున్నవి బెంగళూరు నుంచి తెప్పించాలనీ చెప్పాడు. తెప్పించమన్నాను. హై కార్బన్ అని పెట్టె మీద రాసి ఉండే రకం కావాలని కూడా అన్నాను. ఆ మాట నేను పలికిన తీరుకు, పక్కన బల్బు కొనడానికి వచ్చిన మనిషి నావైపు మర్యాదగా చూశాడు. దాన్ని ఇప్పటికీ నేను మరిచిపోలేదు.

డిస్కులు ప్రైవేటు బస్సులో శనివారం సాయంత్రం వచ్చాయి. స్కూటరు ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చాను. శనివారమన్న సంగతి నా బుర్రలో లేదు. మా అమ్మ వాకిలి మెట్టు మీద కూర్చుని అనపకాయలు వలుస్తోంది. పెట్టెలు చూసి చేతులు ఆపింది.

“ఏంరా అవి?”

“బ్రేకు డిస్కులమ్మా.”

“ఇనుమా?”

శనివారం ఇంట్లోకి ఇనుము తేకూడదు. మేకు కూడా. నేను ఆమెకు హై కార్బన్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. బొగ్గు, వజ్రం, పెన్సిలు ముల్లు ఇవన్నీ కార్బనేననీ, ఇందులో కార్బన్ పాలు ఎక్కువ గనుక దీన్ని అచ్చమైన ఇనుమని అనలేమనీ చెప్పాను. ఆమె ఓపికగా విని, ఫ్రిజ్జు మీదున్న చిలుక బొమ్మ తీసుకురమ్మంది. దాని వెనక అయస్కాంతం ఉంటుంది. నిజం కోరేవాడు పరీక్షకు వెనకాడకూడదు గనుక నేనే పోయి తెచ్చి డిస్కు మీద పెట్టాను. చిలుక ఎంత గట్టిగా అతుక్కుందంటే, ఊడబీకేటప్పుడు దాని తోక విరిగింది.

“గడప దాటించొద్దు. ఆడనే పెట్టు,” అన్నది అమ్మ, అనపకాయల వైపు తిరిగి.

సరే, బయట ఉండేటప్పుడు ఖాళీగా ఎందుకుండాలి? కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా తయారుచేసినవాళ్లు నూనె పూసి పంపుతారనీ, బిగించే ముందు ఆ నూనె పూర్తిగా పోవాలనీ నేను చదివాను. బిగించే ముందు అంటే బిగించే పూట అని అర్థం. నేను ఆ సాయంత్రమే వాకిట్లో కొళాయి కింద గిన్నెల సబ్బు పెట్టి తోమాను. ఎదురింటివాళ్లు అరుగు మీదికి వచ్చి చూశారు. వాళ్లకు రాపిడి అంటే ఏమిటో చెప్పాను. తోమిన డిస్కుల్ని బట్టలుతికే బండ మీద ఆరబెట్టి నిద్రపోయాను. చలికాలం. రాత్రంతా మంచు కురిసింది.

ఆదివారం తెల్లవారి చూస్తే రెండు డిస్కులూ ఎర్రమట్టి పూసినట్టున్నాయి.

నా భార్య పళ్లు తోముకుంటూ వచ్చి వాటి ముందు నిలబడింది. “కొత్తవేనా ఇవి?” అని అడిగింది. కొత్తవేనన్నాను. “కొత్తవే ఇట్లుంటే, ఇంక బండిని నమ్మేదెట్ల?” అని లోపలికి పోయింది. సైకిలు నాటి ముఖం అది. నేను కాఫీ కూడా తాగకుండా గ్రంథాలయానికి పరుగెత్తాను. మా గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. ఇంత మంచి ఏర్పాటు చేసినవాళ్లకు నేను మనసులోనే దండం పెట్టుకుంటూ ఉంటాను. మధ్యాహ్నం దాకా కూర్చుని లోహాల పుస్తకంలో చదివి, పోత ఇనుము మీద ఒక్క రాత్రిలో పట్టేది పైపై తుప్పేనని, వాడకంలో అదే పోతుందని తేల్చుకుని, తల ఎత్తుకుని ఇంటికి వచ్చాను.

వచ్చేసరికి తుప్పు లేదు. డిస్కులు రెండూ నల్లగా నిగనిగలాడుతూ, పాతచీర ముక్క మీద ఇంట్లోనే గోడ వారగా ఉన్నాయి. అమ్మ వంటింట్లోంచి, తానే తుడిచి పెట్టాననీ, ఈ రోజు ఆదివారం గనుక లోపల ఉండొచ్చనీ చెప్పింది. తుడిస్తేనే పోయిందంటే నేను చదివిందే నిజమైంది. ఆ సంతోషంలో మిగతా ఏ ప్రశ్నా నాకు తట్టలేదు. ఇంట్లో ఉల్లిపాయ వాసన ఉంది. కానీ ఆదివారం మధ్యాహ్నం ఏ ఇంట్లో ఉండదు? నా భార్యను పిలిచి చూపించాను. పట్టు మీద పనిలో ఉన్నప్పుడు ఆమె బండి సామాను దగ్గరికి రాదు. దూరం నుంచే చూసి తల ఊపింది.

సోమవారం మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి భాయ్ మా బండిని మొదట్నుంచీ చూస్తున్నవాడే. పాత డిస్కులు విప్పి, అంచున అరుగులాగా మిగిలిన గట్టును గోటితో చూపించాడు. ఇది ఇప్పటి అరుగుదల కాదనీ, మేము కొనకముందే ఆ బెంగళూరు కుర్రాడు అరగదీసి ఉంటాడనీ, చెప్పు అరిగినట్టు ఒకచోట పలచన, ఒకచోట మందం అయ్యిందనీ చెప్పాడు. ఊఁ కొట్టాను. కొత్త డిస్కు మీద గీతలు ఏ వైపుకు వాలి ఉండాలన్నది ఆ సమయంలో నా మనసును పూర్తిగా ఆక్రమించుకుని ఉంది. కుడి చక్రానిది ఎడమకు పెడితే దుమ్ము బయటికి పోదు గదా.

భాయ్ కొత్త డిస్కును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ఇంత నల్లగుండాదేం సార్?”

“హై కార్బన్,” అన్నాను.

కంపెనీ నూనె ఉంటుంది, పెట్రోలుతో ఒకసారి తుడుస్తానన్నాడు. నేను చేయి అడ్డం పెట్టాను. నేనే సబ్బుతో కడిగాననీ, మళ్లీ తుడవాల్సిన పనిలేదనీ చెప్పాను. అతను మొండికెయ్యలేదు. అతని ధ్యాస వేరే దాని మీద ఉంది. డిస్కును పట్టుకునే కాలిపర్‌కు ఎర్ర రంగు కొడితే గీతలకు జోడుగా ఎట్లుంటుందో చూడమని ఉదయం నుంచీ నన్ను బతిమాలుతున్నాడు. కొట్టమన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం రోడ్డుకు అవతల నిలబడి చాలాసేపు చక్రాలకేసి చూశాం. ఇంటికి వచ్చేటప్పుడు బ్రేకు కొంచెం మెత్తగా తగిలింది. కొత్త డిస్కులకు ప్యాడ్లు ఒదిగేదాకా అట్లాగే ఉంటుందని నాకు తెలుసు.

ఒదగాలంటే ఒక పద్ధతి ఉంది. ఖాళీ రోడ్డు మీద కాస్త వేగం అందుకుని, బండి ఆగేదాకా కాకుండా నెమ్మదించేదాకా బ్రేకు తొక్కాలి. వదిలి మళ్లీ వేగం అందుకోవాలి, మళ్లీ తొక్కాలి. కొన్నిసార్లు ఇట్లా చేసి, చల్లారనివ్వాలి. మంగళవారం పొద్దున పెనుకొండ రోడ్డు మీద ఆ పని పెట్టుకున్నాను. వణుకు పోయిందని కళ్లారా చూస్తేనే నమ్ముతుందని నా భార్యను కూడా రమ్మన్నాను. ధర్మవరం పని రేపు బస్సులో చూసుకుంటుందిలే అనుకున్నాను. ఆమె నాకంటే ముందు పోయి కారు దగ్గర నిలబడింది.

సోమందేపల్లి దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. వేగం అందుకున్నాను. తొక్కాను. స్టీరింగు వణకలేదు. “చూసినావా?” అన్నాను. ఆమె ముక్కు ఎగబీలుస్తోంది.

“ఎర్రగడ్డ ఏగే వాసన వస్తాంది.”

మా వైపు ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాం. అటూ ఇటూ బీడు భూములే, ఒక్క ఇల్లు లేదు. ప్యాడ్లలో రెసిన్ అనే జిగురు ఉంటుందనీ, కొత్తల్లో వేడికి అది వాసన కొడుతుందనీ, ఇది శుభలక్షణమనీ చెప్పాను. మళ్లీ వేగం అందుకుని మళ్లీ తొక్కాను. ఈసారి వాసన కారంతా నిండింది.

“నీ రెసిన్‌లో శనక్కాయ నూనె కూడా ఏస్తారా?” అని అడిగింది ఆమె.

అంతలో ముందర గొర్రెల మంద రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు తొక్కాను. కాలు కిందికి పోయింది, బండి మాత్రం తన దారిన తాను పోతోంది. ఇంకా గట్టిగా తొక్కాను. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, నాకు వచ్చిన దేవుళ్ల పేర్లన్నీ తలుచుకున్నాక, చివరి గొర్రెకు ఇంకా కొంత దూరం ఉండగా ఆగింది. ముందు చక్రాల నుంచి తెల్లటి పొగ లేచింది. గొర్రెల కాపరి దగ్గరికి వచ్చి, కర్ర మీద ఆనుకుని, వాసన పీల్చాడు.

“ఏమప్పా, బండ్లోనే బోండాలు ఏస్తాండారా?”

నా భార్య నవ్వలేదు. రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఉంది. ఆ చేతులు చూసినప్పుడు నాకు పుస్తకాల్లోంచి ఒక్క వాక్యం కూడా గుర్తుకు రాలేదు.

ఎడ్లబండి నడకన పెనుకొండ చేరి, హైవే పక్కన మొదట కనబడిన షెడ్డు ముందు ఆపాను. అక్కడి మెకానిక్ చక్రం విప్పి, డిస్కు మీద వేలు రాసి, ఆ వేలును ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూశాడు. నా భార్య అప్పటికే ఫోను తీసి మా అమ్మకు చేసింది. మాట అందరికీ వినబడేలా పెట్టింది.

“అత్తా, ఆ బ్రేకు డిస్కులకు ఏం చేసినావు?”

“తుప్పు పట్నాయి కదా పాపా. బూడిదేసి తోమినా. పొయ్యి మీద కాంచి, శనక్కాయ నూనె పూసి, ఎర్రగడ్డ సగానికి కోసి రుద్దినా. కొత్త పెనం అట్లనే కదా చేసేది? గీతలుండాయని నాలుగు తూర్లు చేస్తి. ఎందుకు, ఏమాయ?”

“బండి ఆగడం లేదత్తా. జారిపోతాంది.”

“అంటుకోకుండా జారాల కదా మరి,” అన్నది మా అమ్మ.

మెకానిక్ స్పానరు కింద పెట్టి, టైరు మీద కూలబడి నవ్వాడు. పక్క అంగడివాళ్లను పిలిచి, డిస్కు చూపించి, మళ్లీ మొదట్నుంచి చెప్పి నవ్వాడు. కాసేపటికి తేరుకుని ప్యాడ్లు పూర్తిగా నూనె తాగేశాయనీ, మార్చక తప్పదనీ చెప్పాడు. డిస్కుల్ని పెట్రోలుతో తుడవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. సాదావైతే గుడ్డతో రెండుసార్లు లాగితే అయిపోయేదట. ఈ గీతల్లో ఇరుక్కున్న నూనెను సన్న పుల్లకు గుడ్డ చుట్టి ఒక్కో గీతనే గీకాల్సి వచ్చింది. దుమ్మును బయటికి నెట్టేస్తాయని నేను ఎంచుకున్న గీతలవి. పుల్ల నా చేతికే ఇచ్చాడు. నేను నేల మీద కూర్చుని గీకుతున్నాను, నా భార్య స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

అప్పుడు ఆమె మెకానిక్‌ను అడిగింది: “అన్నా, దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టుకుని పోతే డిస్కులు చెడిపోతాయా?”

వారానికోసారి పోయే బండికి ఏమీ కాదన్నాడు అతను.

“పాతవి నా కాలితోనే చెడిపోయినాయని ఈయప్ప చెప్పినాడు.”

నేను అట్లా చెప్పలేదని నోరు తెరవబోయి ఆగిపోయాను. చెప్పింది సరిగ్గా అదే. కుర్చీలో నిటారుగా కూర్చుని, అధ్యాయం వల్లించి, చివరికి తేల్చింది అదే. ఇన్ని వారాలూ ఆమె వణుకుకు భయపడి బస్సెక్కుతోందని నేననుకున్నాను. ఆమె తన కాలికి భయపడి ఎక్కింది.

“నీ వల్ల కాదు,” అన్నాను, పుల్ల చేతిలోనే పట్టుకుని. “కొనకముందే అరిగిపోయినాయంట. ఆ బెంగళూరు పిల్లోడు అరగదీసినాడని భాయ్ చెప్పినాడు.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“నిన్న చెప్పినాడా? నాకు చెప్పాలనిపించలేదా నీకు?”

“గీతలు యా పక్క వాలాలా అని ఆలోచిస్తా ఉంటి.”

ఆమె నన్ను చూసింది. నల్లటి చేతులు, మోకాళ్ల మీద పెట్రోలు, పక్కన ఎర్ర రంగు కాలిపర్, ఒళ్లో ఉల్లిపాయ వాసన కొట్టే రేసు డిస్కు. అప్పుడు నవ్వింది. మెకానిక్ నవ్విన నవ్వు కాదు. మొదట ఆపుకోవడానికి చూసి, వల్ల కాక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను గీకడం ఆపలేదు. ఆపడానికి ధైర్యం చాలలేదు.

చక్రాలు బిగించాక డ్రైవరు తలుపు దగ్గరికి పోబోతే ఆమె అడ్డం వచ్చింది.

“తాళం ఇయ్యి.”

కొత్త ప్యాడ్లు కూడా ఒదగాలి గదా, మళ్లీ ఆ పద్ధతంతా చెయ్యాలి గదా, అది జాగ్రత్తగా చెయ్యాల్సిన పని గదా అని నేను నసిగాను. ఏం చెయ్యాలో చెప్పమంది. వేగం అందుకుని తొక్కాలి, వదలాలి, మళ్లీ తొక్కాలి అన్నాను. ఇంత చిన్న విషయానికి నిన్నంతా ఎందుకు మాట్లాడావని అడిగి, ఎక్కి కూర్చుని, సీటు ముందుకు లాక్కుంది.

హైవే ఎక్కాక మొదటిసారి తొక్కినప్పుడు, తన కాలిని తానే కనిపెట్టుకుని ఉన్నట్టు కళ్లు చిన్నవి చేసుకుంది. బండి నెమ్మదించింది. వాసన లేదు, వణుకు లేదు. మళ్లీ వేగం అందుకుంది. ఈసారి తొక్కడం ఇంకా గట్టిగా ఉంది. నేను బెల్టు మీద ముందుకు వాలిపోయాను. తర్వాత్తర్వాత ఆమెకు అది ఆటలాగా అయిపోయింది. నేను మాట్లాడబోయినప్పుడల్లా సరిగ్గా అప్పుడే తొక్కేది. నా వాక్యాలన్నీ సగంలో తెగిపోయాయి.

“చాలు, ఇంక చల్లారనియ్యాల,” అన్నాను. “ముందర ఫ్లైఓవరు కింద తిరుక్కుని ఇంటికి పోదాం.”

ఫ్లైఓవరు వచ్చింది. ఆమె తిరగలేదు.

“తిరుక్కోవాల్సింది అదే,” అన్నాను.

“ఎందుకు? ఈ పొద్దు మంగళవారం కదా. రవికెలు డిక్కీలో ఉండాయి.”

పొద్దున నేను చక్రాల్లో గీతలు చూసుకుంటూ ఉండగానే ఆమె మూట తెచ్చి పెట్టుకుంది. బ్రేకులు బాగైతే పోదామని, బాగు కాకపోతే పెనుకొండలో దిగి బస్సెక్కుదామని అనుకుందట. నాతో ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. చెప్పి ఉంటే రవికెల బరువు వల్ల బ్రేకుల మీద పడే ప్రభావం గురించి నేను మాట్లాడి ఉండేవాణ్ణి.

పెనుకొండ దాటినాక వచ్చే ఆ దిగుడు ఎదురైంది. ఆమె బ్రేకు మీద కాలు పెట్టింది. పెట్టి, ఎంతసేపు ఉంచాలనిపిస్తే అంతసేపు ఉంచింది. ఏమైనా అంటానేమోనని ఓరగా నావైపు చూసింది. అనడానికి నా దగ్గర ఒక అధ్యాయం ఉంది. ముందున్న లారీ వెనక వేలాడుతున్న నిమ్మకాయలను చూస్తూ కూర్చున్నాను.

“కాలు తీయ్,” అన్నది ఆమె.

తల దించి చూసుకున్నాను. నా కుడికాలు ముందున్న మ్యాటును నేలకు అదిమిపెట్టి ఉంది.

“ఆడ బ్రేకు లేదు,” అన్నది.

ధర్మవరం వచ్చేదాకా తీయలేకపోయాను.